ఆకు పక్కన దొరికిన ఈక

కెలమంగలం,
జూన్ నెల, 1998.

చిట్టెమ్మా,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కదా, రాస్తున్నాను. మీ నాయన తిరుగుతున్నాడు, ఆవు పాలిస్తోంది, నేను పొయ్యి వెలిగిస్తున్నాను. ఇంతకంటే బాగుండడం మాకు ఇప్పుడు చేతకాదు. నా రాత కోడి కెలికినట్టుంటుందని నువ్వు నవ్వేదానివి. నవ్వుకుంటూనే చదువు, ఏమీ అనుకోను.

నువ్వు అడిగినవి చెబుతాను. పట్టుపురుగులు మూడో నిద్రలో ఉన్నాయి. ఆకు వేసినా ముట్టవు, తల పైకెత్తి అలాగే ఉంటాయి. పొర విడిచి లేచాయంటే మళ్లీ వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ మేస్తాయి. మామిడికాయలు కృష్ణగిరి మండీకి వేసేశాం, ఈసారి కాపు తక్కువే. మీ నాయన మాట్లాడుతున్నాడా అని అడిగావు. ఆవుతో మాట్లాడుతున్నాడు. నాతో అంటే, కూరలో ఉప్పు తక్కువైతే మాట్లాడతాడు.

నీ స్నేహితురాలు మోనిషా మన ఊరి ఎస్టీడీ బూతుకు ఫోను చేసింది. హాస్టల్లో రెండు ముద్దలు తిని కంచం పక్కకు తోసేస్తున్నావట. అదెందుకో నీ ఉత్తరం చివరి మాట చదివాక తెలిసింది. “ఆ ఈక నిజంగా కాకిదేనా అమ్మా? నాయన నా మనసు కోసం చెప్పినాడేమో. నువ్వైనా నిజం చెప్పు” అని రాశావు.

మీ అన్న దినాల నాడు నువ్వూ ఉన్నావు. చేనిగట్టు మీద అరటాకులో వాడికిష్టమైనవన్నీ పెట్టి కాకిని పిలిచాం. ఎంతసేపు పిలిచినా చింతచెట్టు మీది కాకులు దిగిరాలేదు. మీ రామచంద్రప్ప పెదనాయన తల గోక్కుని, “ఏందో మనసులో పెట్టుకొని పోయినాడప్పా మన తిలక్” అన్నాడు. ఆయన ఊరికే అన్న మాట నీకు గుచ్చుకుంది. ఆకు ముందు కూర్చుని, “అన్నా, ఇంకెప్పుడూ నీతో పోట్లాడను, వచ్చి తిను” అని ఏడ్చావు. అప్పుడూ రాలేదు. మర్నాడు నీకు పరీక్ష. ఆ ఏడుపు మొహంతోనే నిన్ను కోయంబత్తూరు బస్సెక్కించాం.

ఆకులోది ఆవుకు పెట్టేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, అక్కడే ఉండనీ అన్నాను. తెల్లారి వెళ్లి చూస్తే ఆకు ఖాళీ. పక్కన ఒక నల్ల ఈక. మీ నాయన అది చూడగానే బూతుకు పరుగెత్తి, కాకి ముట్టిందని, ఈక కూడా దొరికిందని నీకు చెప్పాడు.

ఆ ఈకను కొంగున ముడి వేసుకుని తిరిగాను. రామచంద్రప్ప బావకు చూపిస్తే, “కాకిదే కదమ్మా, ఇంకేంటికి అనుమానం?” అన్నాడు. మండీలో అశ్వత్థప్పకు చూపించాను. ఆయన ఈకను చూడలేదు, నా ముఖం చూశాడు. “కాకిదేనక్కా. పో, కొంచెం నీళ్లు తాగు” అన్నాడు. హోసూరు కొండగుడి మెట్ల దగ్గర నెమలీకలు అమ్మే నాగరత్నాన్ని కూడా అడిగాను. ఆమె తిప్పి తిప్పి చూసింది. సంగతేమిటని అడిగి, చెప్పగానే ఈకను నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. “నువ్వు కాకి అనుకుంటే కాకిదేమ్మా” అంది.

మొన్న పక్కింటి తిమ్మమ్మ మజ్జిగకు వచ్చింది. ఆమె నోరు నీకు తెలుసు. ముడిలోంచి బయటికొచ్చిన ఈక కంటబడగానే, “ఏందే అంజనమ్మా, నా కోడి ఈక నీ కొంగులో ఎందుకుంది? కోసుకొని తిన్యారా ఏంది?” అంది.

“కాకిదత్తా” అన్నాను.

“నీ కండ్లకేమైందే! కాకి ఈక ఇంత మెత్తగా ఉంటుందా? మొదట్లో ఈ నూగు చూడు, దూది మాదిరి. ఎండలో పెట్టు, అంచు తేనెరంగు కొడుతుంది. ఉండు!” అని వెళ్లి, నల్లకోడిని చంకలో పెట్టుకొచ్చి రెక్క విప్పింది. “ఇదో, ఈడనే ఊడింది.”

ఆ సందులో ఈకను పెడితే పక్క ఈకలకు జోడీగా నిలిచింది. తర్వాత నా వాలకం చూసి అడిగింది. నేను సంగతంతా చెప్పగానే, “నా నోట్లో మన్ను పడ! తిలక్ కూడు నా పాడుకోడి తినేసెనా!” అని నెత్తి బాదుకుంది.

చిట్టెమ్మా, ఇప్పుడు అసలు మాట. ఆమె చెబితే నాకు తెలిసింది కాదు. గట్టు మీద ఆ ఈకను ఎత్తినప్పుడే నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి కోళ్లతో పెరిగినదాన్ని, కోడీక తెలియదా? ఎవరైనా ఒక్కరు గట్టిగా కాకిదని చెబితే నమ్మేద్దామని ఊరూరా తిరిగాను. అందరూ చెప్పారు, నాకే నమ్మడం కుదరలేదు. నువ్వు నిజం అడిగావు కాబట్టి రాస్తున్నాను. కాకి ముట్టలేదు తల్లీ.

ముట్టింది ఆ నల్లకోడి. తిమ్మమ్మదైనా అది ఎప్పుడూ అన్న వెంటే తిరిగేది కదా. నీ తెల్ల నర్సింగ్ యూనిఫారం మీద రెట్ట వేసింది కూడా అదే. “నీ కోడితోనే ఉండు, నాతో మాట్లాడొద్దు” అని అన్నను తిట్టి, ఆ యూనిఫారం వదిలేసి బస్సెక్కావు. మళ్లీ నువ్వు వచ్చేసరికి కామెర్లు ముదిరి వాడు కన్ను తెరవలేదు. కోపంతోనే పోయాడని నువ్వు అనుకుంటున్నావు. నువ్వు వెళ్లిన సాయంత్రం ఏమైందో విను. ఆ యూనిఫారం వాడే ఉతికాడు. నీలిమందు ఎక్కువై బట్ట ఆకాశంలా తేలితే మళ్లీ ఉతికాడు. “నర్సమ్మగారు వచ్చేలోపల తెల్లగా కావాలమ్మా, లేకుంటే నాకు సూది గుచ్చుతుంది” అని నవ్వాడు. పక్కనే నిలబడిన కోడితో, “చూస్తివా, నీ వల్ల నాకెంత పనో!” అన్నాడు. అది కోపమా, నువ్వే చెప్పు.

వాడు సంగటి ముందు కూర్చుంటే మొదటి ముద్ద ఎవరికి వేసేవాడు? గడప దగ్గర తల వంచి చూసే ఆ కోడికే. అది మింగాకే తను తినేవాడు. పెద్దలు వింటే దినాలు మళ్లీ చేయాలంటారేమో. మీ నాయనకు చెప్పాను. ఆవు మెడ నిమురుతూ, “దానికి పెట్టకుండా యాడ తిన్యాడు వాడు!” అన్నాడు. అంతే, మళ్లీ చేద్దామని అనలేదు.

ఇంకొకటి. అన్న పోయినప్పటి నుంచి నేను గంజి తాగి, అన్నం తిన్నానని మీ నాయనతో చెబుతూ వచ్చాను. ఆ పూట ఆయన పక్కన కూర్చుని తిన్నాను. గొంతు దిగింది.

బుధవారం మన ఊరి చెన్నకేశవ మామిడికాయల లారీలో కోయంబత్తూరు వస్తాడు. యూనిఫారం అతని చేతికిస్తాను. గుడ్లు కూడా ఉప్పు వేసి ఉడికించి పంపుతున్నాను, ఆ నల్లకోడివే. ఆ కోడి మన ఇంట్లో పెట్టిన ఒక్కో గుడ్డుకూ అన్నతో జగడమాడిన తిమ్మమ్మే తెచ్చి, “నా కోడి తిన్యదానికి ఆ బిడ్డకు ఇయ్యి” అంది. మొదటి ముక్క హాస్టల్ కిటికీలో పెట్టు. ఏ పిట్ట వచ్చినా సరే, ఏ పిట్టో చూడొద్దు. మిగిలింది నువ్వు తిను.

ఇట్లు,
నీకూ మీ అన్నకూ అమ్మ.

రోజూ కడుపునిండా తిను తల్లీ.