పైరగాలి వచ్చే వైపు

పద్మక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. మన బందరు బడిలో ఐదో తరగతికి నేను తయారుచేసిన ఇంటర్నెట్ భూగోళం పాఠం ఈ రోజే మొదలైంది. పిల్లలు ముందురోజే ప్రశ్నలు తీసుకెళ్ళి, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుని వచ్చి, కంప్యూటర్లో మ్యాపు మీద క్లిక్ చెయ్యాలి. మొదటి ప్రశ్న, సముద్రం ఎటుంది అని.

ఒక పిల్ల మౌస్ వదిలేసి లేచి, కళ్ళు మూసుకుంది. పైరగాలి వచ్చే కిటికీ వైపు చెయ్యి చాపి, "అటండీ" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా అమ్మండీ. పద్మ టీచరుగారు వరండాలో నిలబెట్టి ఇలాగే చూపించమనేవారంటండీ."

నువ్వుండగా మొదలుపెట్టాల్సిన పని, అక్కా ఇది.

ఈలోగా క్లిక్ చెయ్యడానికి నేను పెట్టిన గడువు దాటిపోయి, తెర మీద "జవాబు రాలేదు" అని వచ్చింది. ఆ పిల్ల ఇంకా చెయ్యి దించలేదు.