రాజన్న సైకిల్ సీటు

అభా, శుక్రవారం

ఇయ్యాల సెలవని, నాతోని రూంల ఉన్న రాజన్న సైకిలేసుకొని కొండ మీది ఊళ్లదిక్కు పోయిన. రోడ్డు మీద ఒక్క బండి లేదు. దిగుట్ల ఒక మలుపు కాడ పెడళ్లకు కాళ్లందక జారి, రాతి గోడకు గుద్దుకున్న. మోచెయ్యి చెక్కుకపోయింది. చేన్ల నీళ్లు పెడుతున్న పాకిస్తానాయన ఉరికొచ్చి లేపిండు.

"నీకు ఎత్తయితుంది భాయ్. ఈ సైకిల్ నీది కాదా?"

"నాదే," అన్న.

ఆ మాట నా నోట్లెకెళ్లి ఎట్లొచ్చింది? మనిషి ఉన్నడో లేడో తెల్వకముందే సైకిల్ నాదైపోయిందా?

రాజన్న నాకంటె జానెడు పొడుగు. సరిహద్దు కాడి ఖఫ్జీకి పనికి పోతూ, "మూణ్నెల్లల్ల వస్త తమ్మీ, సీటు కదిలియ్యకు" అన్నడు. నెల తిరగకముందే అక్కడ లడాయి మొదలైంది. అది ఆగి కూడ నాలుగు నెలలాయె. మమ్ముల పనికి తెచ్చుకున్న అరబ్బు సేటు, కఫీల్‌ను ఎన్నిసార్లడిగినా అల్లాకే తెలుసంటడు.

సాయంత్రం పానా పట్టుకొని కూసున్న. రాజన్న వస్తే మళ్ల అదే ఎత్తుకు పెట్టాలని ముందుగాల సీటు రాడ్ మీద, పైపు అంచు కాడ, మేకుతోని గీత గీసిన. తర్వాత సీటు దించిన.

గీత రాడ్‌తోపాటే పైపుల మునిగిపోయింది.