నేను గీయని చాక్‌పీసు గీత

ఇంటి నుంచి,
బుధవారం, మధ్యాహ్నం

గౌరవనీయులైన అల్లుడుగారికి,

మామ ఆశీస్సులు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మా వైపు కుశలమే, మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి తప్ప. మీ వైపు కోపం గట్టిగా ఉందని మన కాంక్రీటు పంపు ఆపరేటర్ చెప్పాడు. అంత కోపం పట్టగలిగిన మనిషి ఒంట్లో బాగానే ఉన్నట్టు లెక్క. మీరు ఫోను ఎత్తడం లేదు, సైటు గేటు దగ్గర ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. అందుకని కాగితం పట్టాను.

అతనితో మీరు పంపిన కబురు అందింది. తనిఖీ ఆఫీసుకి ఫోను చేసి మీ సైటు ఆపించింది నేనేనట. రేపు ఆఫీసరు వచ్చినప్పుడు నేను ఎదురుగా నిలబడి, స్లాబు కింద జాకీలన్నీ సరిగానే ఉన్నాయండీ, మామాఅల్లుళ్ళ మధ్య ఏదో పట్టింపు వచ్చి ఫోను వెళ్ళిందండీ అని చెప్పాలట. చెబితేనే మళ్ళీ మా గడప తొక్కుతారట. చెప్పకపోతే మీ ఉద్యోగం పోతుందట.

అల్లుడుగారూ, నేను చెప్పను. కుండబద్దలు కొట్టమంటే, చచ్చినా చెప్పను. మీ అత్తగారు పక్కనే కూచుని, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, కాస్త మెత్తగా రాయండి అంటోంది. ఇది మెత్తగా రాసిందే.

రేపు నేను చెప్పబోయేది ముందే మీకు రాస్తున్నాను, వెనకాల గోతులు తవ్వాడని అనుకోకూడదు కదా. మూడో అంతస్తు స్లాబుకి మేం సెంట్రింగ్ కట్టాం. పోసిన పచ్చి కాంక్రీటు బరువంతా ఇనప జాకీల మీదుగా కింది స్లాబు మీద పడుతుంది. ఆ కిందిది వేసి వారం కూడా కాలేదు, ఇంకా పసిపిల్ల. దాని కింద కూడా జాకీలు ఉండి తీరాలి. కంపెనీలో మీ పైవాళ్ళు తొందరపెడుతున్నారని మీరు వాటిని ఊడదీయించి పైకి ఎక్కించారు. అవీ చాలకపోతే ఇటుకలు పేర్చి వాటి మీద పొట్టి కర్రలు నిలబెట్టించారు. అదంతా అయ్యాక వచ్చి నన్ను చాక్‌పీసు పట్టమన్నారు.

మన దగ్గర పద్ధతి మీకు తెలియంది కాదు. స్లాబు వేసే ముందు మేస్త్రీ ఒక్కో జాకీని సుత్తితో తట్టి చూసి గీత పెడతాడు. గీతలన్నీ పడితేనే పంపు తిరుగుతుంది. పైన పోస్తున్నంతసేపూ మా మనిషొకడు కింద నిలబడి ఏ జాకీ కదులుతుందో కనిపెట్టి చూస్తాడు. నేను గీత పెట్టనన్నాను. కింద నిలబడాల్సిన మా గడకర్ర, వాడి పొడుగు చూసి మీరు పెట్టిన పేరే, సుత్తి నేల మీద పెట్టేశాడు. మీరేం చేశారు? అందరి ముందు నా చేతిలో చాక్‌పీసు లాక్కుని మీరే గీసేశారు. గీత బరువు మోస్తుందా అల్లుడుగారూ? మోసేటట్టయితే జాకీలెందుకు, డబ్బాడు చాక్‌పీసులు కొనుక్కుంటే పోయేది. మర్నాడు పొద్దున పంపు వచ్చేసరికి పని ఆపమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. రాబట్టి సరిపోయింది.

మామకి చాదస్తం, పాతకాలం మనిషి అన్నారట. పాతకాలం మనిషినైతే మారుమాట్లాడకుండా గీత పెట్టేసేవాణ్ణి. మా రోజుల్లో ఇటుకల మీద ఎన్ని స్లాబులు లేవలేదూ? ఇదంతా నాకు నేర్పింది మీరు. సైటుకి ఇంజనీరుగా కొత్తగా వచ్చినప్పుడు రోజూ పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి పాఠం చెప్పేవారు. మేం వెనక చేరి, ఈ కుర్రాడు జాకీలకి జోల పాడేలా ఉన్నాడే అని నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు మీరన్నారు, స్లాబు లేచిందా లేదా కాదు, కింద నిలబడ్డవాడు ఇంటికెళ్ళాడా లేదా, నాకు అదే లెక్క అని. నేను నవ్వలేదు. ఆ సాయంత్రమే మీ అత్తగారితో చెప్పాను, మన పిల్లనిస్తే ఇతనికే ఇవ్వాలని. జీతమెంతని అడగలేదు, ఇల్లుందా అని అడగలేదు. ఆ ఒక్క మాటకి పిల్లనిచ్చాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటానంటే ఎలా కుదురుతుంది?

మీ పీక మీద పైవాళ్ళు కూచున్నారని నాకు తెలుసు. గడువు దాటితే మాట పడేది మీరే. తొందరపెట్టింది ఎవరో అదీ రేపు ఆఫీసరుకి చెబుతాను, ఆ నింద మీ ఒక్కరి నెత్తిన పడనివ్వను. జాకీలు సరిగా ఉన్నాయన్న మాట మాత్రం నా నోట రాదు. ఫోను చేసింది మామేనని సైటంతా చాటుతున్నారట. చాటుకోండి, నేను కాదనను. పనిలోంచి తీసేస్తారా, తీసేయండి. మీరు మా గడప తొక్కకపోతే మీ అత్తగారు ఏడుస్తుంది, నాకూ అన్నం సహించదు. అయినా సరే. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఇంజనీరుగారెంత.

అమ్మాయి పొద్దున మీకు క్యారేజీ కట్టి ఇటొచ్చింది. సాయంత్రం తనతోనే ఈ ఉత్తరం పంపుతున్నాను. చింపేస్తే చింపేయండి గానీ, చదివాక చింపండి.

ఇట్లు,
మీ మేలు కోరేవాడూ, మీరు నేర్పిన మాట మీదే నిలబడ్డవాడూ,
మీ మామ,
సెంట్రింగ్ మేస్త్రీ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే అమ్మాయి లాక్కుని చదివింది. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది తనే, ఇప్పుడు రాయమని నా నెత్తిన కూచుందీ తనే. ఫోను చేసింది నేను కాదు. గడకర్ర సుత్తి కింద పెట్టిన రోజు మధ్యాహ్నం మీరు ఇంటికెళ్ళి అన్నం తింటూ, మీ నాన్న మనుషులకి అంత భయమైతే రేపు స్లాబు కింద నేనే నిలబడతానని అన్నారట. మీరు చెయ్యి కడుక్కుని వచ్చేలోపు తను పెరట్లోకి వెళ్ళి ఆఫీసుకి ఫోను చేసింది. రేపు నా పక్కన నిలబడి ఆ సంగతి తనే చెబుతుందట. మీ మీద తనకి చాలా కోపం ఉందట, ఇవాళ మీరు ఇంటికి రాగానే మీతో పోట్లాట పెట్టుకుంటుందట. అంత పోట్లాట ఎందుకమ్మా అన్నాను. పోట్లాడటానికైనా మొగుడు ఇంటికి రావాలి కదా నాన్నా, అంది.