అరగంట ముందు పుట్టిన పాప

కోదాడ,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు సాయిబాబుకు అక్క సుమతి దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, నేను, నీ మేనకోడలు బాగున్నాం. మీ బావ నిన్ననే సూర్యాపేట నుంచి వచ్చి చూసి వెళ్లాడు. ఆ మంచు కొండల్లో నువ్వు వేళకు తింటూ, ఉన్ని టోపీ తీయకుండా డ్యూటీ చేస్తున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. సిగ్నల్ లేని చోట నిన్ను వేశారని అమ్మ మీ ఆఫీసర్లను రోజూ తిడుతోంది గానీ నాకైతే ఇదే బాగుంది. ఫోన్లో "తిన్నవా, పన్నవా" తప్ప నువ్వేం మాట్లాడతావు? ఉత్తరంలో మాత్రం నాలుగు ముక్కలు రాశావు. నువ్వడిగినవాటికి జవాబులు ఇవిగో. పాప పగలంతా నిద్రపోయి రాత్రంతా మమ్మల్ని మేల్కొలుపుతోంది. ముక్కు నీదే, దానికి మేమేం చేయలేం. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, దవాఖానకు పోదామంటే వినదు. ఆపరేషన్ గది బయట పాపను ఎత్తుకుని బిక్కమొహం వేసుకున్న నీ ఫొటో ప్రింటు తీయించి ఇందులో పెట్టాను. మృగశిరలో పుట్టిన పిల్లకు ఏం పేరు పెడుతున్నారని కూడా అడిగావు. దానికి చివర్లో చెబుతాను.

నా పక్క మంచంలో ఉన్న మునగాల సంగీత గుర్తుందా? నువ్వు నాకు తెచ్చిన బత్తాయిల్లో సగం ఆమెకే ఇచ్చావు. మన పాప కంటే ఒక్కరోజు ముందు ఆమెకు కొడుకు పుట్టాడు. ఆస్పత్రి చీటీలో టైము చూసి పంతులు రోహిణి నక్షత్రమన్నాడట. రోహిణిలో పుట్టిన బిడ్డ మొహం చూస్తే మేనమామకు గండమని మనవాళ్ల భయం నీకు తెలిసిందే. సంగీతకు ఒక్కడే అన్న, మల్సూర్. మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ. తొట్టెల రోజున మేనల్లుడికి బట్టలు, మొలతాడు తెచ్చి గేటు అవతలే ఇచ్చేశాడట. లోపల బిడ్డ ఏడుస్తుంటే కాసేపు నిలబడి విని, వెళ్లిపోయాడట. శాంతి చేయించినా సరే కొడుకును రానివ్వనని వాళ్లమ్మ పట్టు పట్టింది. సంగీత ఫోన్లో ఇదంతా చెబుతూ ఏడ్చింది.

ఆ మర్నాడే నీ ఫొటో ప్రింటుకు ఇద్దామని ఫోను తీశాను. ఫొటో తీసిన టైము ఐదూ యాభై రెండు. ఆస్పత్రి చీటీలో పాప పుట్టింది ఆరూ పదికి. అంటే ఇంకా పుట్టని పిల్లను ఎత్తుకుని నిలబడ్డావన్నమాట.

బాలింతవు బయటికి వెళ్లొద్దని అమ్మ అంటున్నా, పాపను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆస్పత్రికి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నా ఫోనే తప్పంది. గోడ గడియారం చూపించాను. వాళ్ల కంప్యూటరు అరగంట ముందుంది. అప్‌డేట్ అయినప్పటి నుంచి అంతేనట. "ఇండ్లల్ల గడియారం జర ముందుకు పెట్టుకుంటరు గదా మేడం, గట్ల పెట్టిండ్రనుకున్న" అంది.

సూర్యాపేటలో నెట్ సెంటర్ నడిపినదాన్ని, నేను ఊరుకుంటానా. సెట్టింగ్స్ తీయించాను. అప్‌డేట్ తర్వాత గడియారం ఏదో విదేశీ టైముకు మారితే, బాగుచేయడానికి వచ్చినతను ఊళ్ల జాబితాలో హైదరాబాద్ కోసం వెతికాడట. అందులో హైదరాబాద్ ఉండదు, చెన్నై, కోల్‌కతా ఉన్న వరుస నొక్కాలి. అతను ఢాకా నొక్కి వెళ్లిపోయాడు. ఢాకా మనకు అరగంట ముందుంటుంది. అప్పటి నుంచి అక్కడ పుట్టిన పిల్లలందరికీ ఢాకా టైమే రాశారు. రికార్డు మార్చడం కుదరదని డాక్టరమ్మ అంది. మార్చేదాకా కదలనని కుర్చీలో కూర్చున్నాను. పాప కూడా నాకు తోడుగా గొంతెత్తింది. చివరికి నీ ఫొటో చూసి, అందరికీ సరిచేసిన చీటీలు ఇస్తానని ఒప్పుకుంది.

సరిచేసిన టైముకు చూస్తే సంగీత కొడుకుది కృత్తిక, మేనమామకు గండం లేదని తేలింది. కబురు వినగానే మల్సూర్ ఒంటి మీద తవుడు దులుపుకోకుండానే మునగాల బస్సెక్కాడట.

ఇక దాచినది చెబుతాను. ఆ రోజు రోహిణి ఆరింటిదాకా ఉంది. నీ ఫొటో టైము ప్రకారం పాప అంతకు ముందే పుట్టింది, అంటే మృగశిర కాదు, రోహిణి. ఈ సంగతి ఆస్పత్రికి బయలుదేరకముందే పంచాంగంలో చూశాను. అమ్మకూ చెప్పాను.

"నోరు మూసుకుంటే ఏం పోతది బిడ్డా? వాడు బార్డర్ల ఉన్నడు. నాకు ఒక్కడే కొడుకు" అంది.

"సంగీత వాళ్లమ్మకు గూడ ఒక్కడే అమ్మా" అన్నాను.

నాకు భయం లేదని అబద్ధమాడను తమ్ముడూ. నువ్వున్న చోటు అలాంటిది. అయినా తప్పుడు చీటీ నిన్ను కాపాడుతుందని నమ్మలేకపోయాను. దానికోసం ఇంకో అన్నను గేటు బయట నిలబెట్టలేకపోయాను. మళ్లీ అడిగినా ఇదే పని చేస్తాను.

అమ్మ శాంతి చేయిస్తానంటోంది, ఆమె తృప్తికి చేయించనీ. పుట్టిన రోజే ఎత్తుకున్నాడు కదా అన్నా వినకుండా, నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు ముందు నూనెలో పాప నీడ చూడాలని గిన్నె కూడా తోమి పెట్టింది. నూనెలో చూస్తావో, నేరుగా ఎత్తుకుంటావో నీ ఇష్టం. తొట్టెల మాత్రం నువ్వు వచ్చేదాకా ఆపాను. పేరు నువ్వే పెట్టాలి, ఆలోచించుకుని రా.

భయమనిపిస్తే ఫొటో చూడకుండా తిప్పి పంపు, నేనేమీ అనుకోను. కానీ నీ సంగతి నాకు తెలియదా? కవరు చింపగానే ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్నే చూసి ఉంటావు.

ఇట్లు,
నీ రోహిణి కోడలి తల్లి,
అక్క సుమతి.