మూడు పేర్ల రోగం

1946 జనవరి 22

కోడలి కాన్పుకని మా ఆడవాళ్ల దవాఖానకు వచ్చిన యాకమ్మ, అందరూ వెళ్లాక తలుపు దగ్గరకు వేసి రొమ్ములో గడ్డ చూపించింది. గట్టిగా ఉంది. కదలడం లేదు. నొప్పి లేదంది. నాకు భయం వేసింది అందుకే. మగ్గం నేసే మనిషి. మగ డాక్టరుకు చూపించనంటుంది.

నేను హైదరాబాద్‌లో ఉర్దూలో చదివాను. అక్కడ దీని పేరు సర్తాన్. ఇంగ్లీషు పుస్తకంలో కేన్సర్. ఆమెకు తెలిసిన పేరు రాచపుండు. ఏది చెప్పాలో తోచక, ఆపరేషన్ చేయించాలన్నాను. "కోస్తె బతుకుతనా, డాక్టరమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదు.

జనవరి 23

వాళ్లింటికి పోయి రాచపుండని చెప్పాను. ఏడవలేదు. "మరి నిన్ననే ఎందుకు చెప్పలే?" అంది.

ఫిబ్రవరి 9

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. నేను పక్కనుంటేనే మగ డాక్టరుకు చూపిస్తానంది, అందుకే వెంట వెళ్లాను. రొమ్ము మొత్తం తీసేశారు. మళ్లీ రాదు కదా అని సర్జన్ సాబ్‌ను అడిగితే "దేఖేంగే", చూద్దాం, అన్నారు. ఆయనకూ తెలియదా? తెలిసీ నాకు చెప్పలేదా?

ఏప్రిల్ 3

ఆపరేషన్ అయిన వైపు యాకమ్మ చెయ్యి వాచింది. మగ్గం మీద కూర్చోలేకపోతోంది. "పానం ఇచ్చినవ్, చెయ్యి తీస్కున్నవ్" అంది. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే.

జూన్ 17

బొంబాయిలో రాచపుండుకు చేసే రేడియం వైద్యం నేర్చుకోవడానికి సీటు వచ్చింది. ఆరు నెలలు. సంతోషంగా ఉండాలి కదా.

నాన్న కాజీపేట రైల్వేలో గుమాస్తా. "పురుళ్లు పోసే చేతులు నీయి బిడ్డా. ఇగ సచ్చేటోళ్ల పక్కన కూసుంటవా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను అనుకున్నదాంట్లోనూ లేదు. మరి ఇద్దరం అన్నం ముందునుంచి ఎందుకు లేచిపోయాం?

జూన్ 18

వెళ్తాను.

జూన్ 19

వెళ్లను.

జులై 2

యాకమ్మ మెడ కింద చిన్న గడ్డ. రోగం మళ్లీ వచ్చింది. తాకిన చెయ్యి వెంటనే తీయలేకపోయాను. నేను తిరిగొచ్చేసరికి ఈమె ఉండకపోవచ్చు. ఇక్కడే ఉంటే? నొప్పికి మార్ఫియా ఇవ్వగలను. పక్కన కూర్చోగలను. అది డాక్టరు పనా, చుట్టాల పనా?

రోగికి చెప్పకూడని మాట చెప్పేశాను. బొంబాయి రమ్మంటున్నారు, నిన్ను విడిచి పోబుద్ధి కావట్లేదన్నాను. ఆమె కొంగు సర్దుకుని, "నువ్వుండి ఏం జేస్తవ్? నేర్సుకోని రాపో" అంది.

జులై 6

కాజీపేటలో రైలెక్కాను. నాన్న నా పెట్టె సీటు కిందికి తోసి దిగాడు. యాకమ్మ అన్నది దీవెనో, కోపమో తెలియదు.