షర్బత్ మిషన్‌కు ఆ క్యాను వద్దు

విజయభాస్కర్ బాబూ,

మనుబోలు బస్సుకు టైమయింది, అమ్మాయిని నిద్ర లేపలేదు. మీరు సొంతంగా చేస్తున్న షర్బత్ మిషన్‌కని కడిగి పెట్టుకున్న తెల్ల క్యానును గడ్డపారతో పొడిచేసినా. అది వరికి కొట్టే పురుగుమందుది. వెయ్యిసార్లు కడిగినా తాగేదానికి పనికిరాదు. నిమ్మరసం ఇత్తడి చెంబులో కూడా పోయబాకండి, పులుపుకు చిలుమొస్తాది. గాజు సీసాలు మూడు వేణ్ణీళ్లతో కడిగి అలమరలో పెట్టినా, అవే బిగించుకోండి.

ఇంజనీరు అల్లుడని ఊరంతా చెప్పుకున్నా. క్యాను మీద పుర్రె బొమ్మ కూడా చూసుకోకపోతే ఎట్టా బాబూ?

మీ అత్త

అన్నట్టు, నిన్న మీరు ఆవకాయ డబ్బాలో కలిపిన షర్బత్‌ను మీ మామ మూడు గ్లాసులు తాగి అద్భుతమన్నారు. ఆయన మాట నమ్మబాకండి. ముప్పై ఏళ్లుగా నా వంటను కూడా అట్టనే అంటున్నారు.