మైల ఎవరికి, సింహాసనం ఎవరికి

1998 నవంబరు 12, గురువారం

కంకిపాడు నుంచి బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి. నన్ను భుజాన వేసుకుని పెంచిన పెదనాన్నకు ఈ మధ్యాహ్నం దహనం అయిపోయింది.

అక్కడ గుడివాడ నుంచి వచ్చిన ఒకాయన నన్ను పట్టుకుని, "పదిరోజులు మైలంటండీ. వచ్చే ఆదివారం పెట్టుకున్న మా అమ్మాయి నిశ్చితార్థం ఆగిపోయింది. ఇంతకీ ఆయన మాకు ఏ వరస అవుతారండీ?" అని అడిగాడు. ఇంటిపేరు ఒకటే, అంతే. పెదనాన్నను బతికుండగా చూడనేలేదట. నేను ఏడుస్తూ కూర్చుంటే బాబాయి వచ్చి, "పెళ్ళయిన పిల్లవి, నీకు మైలేం లేదమ్మా. తలస్నానం చేసి వెళ్ళి మీ ఇంట్లో దీపం పెట్టుకో" అన్నాడు.

పోయిన వారం ఎడిటర్ గారు నా జానపద సీరియల్ వెనక్కి పంపారు. "అడవిలో తెగలూ, కోటలో రాజవంశాలూ ఒకేలా ఉన్నాయండీ. తేడా చూపించండి" అన్నారు. ఎంత తల బద్దలు కొట్టుకున్నా తట్టలేదు. ఇవాళ బస్సులో తట్టింది. రాజు పోతే సింహాసనం ఎవరికని చూస్తారు. తెగలో మనిషి పోతే మైల ఎవరికని చూస్తారు.

ఇలా రాస్తే ఆయన ఒప్పుకుంటారేమో. కానీ తెగ నాయకుడి కూతురిని మొదట్లోనే కోటకు కోడలిగా పంపేశాను. ఇప్పుడా నాయకుడు చనిపోవాలి. ఆ పిల్ల చేత ఏం చేయించాలో...

అత్తగారు గుర్తుచేస్తే దీపం పెట్టాను. జుట్టు ఇంకా ఆరలేదు.